కుళ్లాయి, తలపాగ, ముఖము: తిరుత్తణి సీమయందలి రూపచిత్రణమును గూర్చి యొక విమర్శ

ఒక మనుష్యుని యెదుట కూర్చుండబెట్టుకొని, అతని ముఖమును పరిశీలించి వ్రాసిన పటమును మనవారు రూపచిత్రమనియు, ప్రతికృతియనియు, వ్యక్తిచిత్రమనియు పలుపేర్ల వ్యవహరించుచున్నారు. పేరేదైనను దానియందు రెండు కోరికలు పెనగుచుండును. పటము ఆ మనుష్యుని పోలియుండవలె ననునది మొదటిది. పటము పటముగా నిలువవలెను, చిత్రకారుని చూపు అందు కనబడవలె ననునది రెండవది. మొదటిది సాదృశ్యము, రెండవది సృజన. ఈ రెంటికిని సంధి కుదుర్చుటయే తమ ప్రయోజనమని చెప్పుకొనుచు, రూపచిత్రణమున సృజనాత్మక పద్ధతులను నేర్పు చిత్రకళా శిబిరములు నేడు చెన్నపట్టణమునందును, తెలుగునాటి నగరములందును జరుగుచున్నవి. తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములనుండి యువకులు ఉదయమే రైలెక్కి అట్టి శిబిరములకు పోయివచ్చుట యసాధ్యమైన పని కాదు. అయితే వారచట నేర్వవలసిన దేమి? నేర్చి వచ్చి ఇచట వ్రాయవలసిన దెవరిని? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు ముందు, ఈ కళకు మన సీమయందు గల చరిత్రను కొంత పరామర్శింపవలసి యున్నది.

రూపచిత్రమునకు సంబంధించిన రెండు కథలు మన వాఙ్మయమున ప్రసిద్ధములు. భాగవత దశమస్కంధమున ఉషాకన్య కలలో చూచిన పురుషు డెవడో తెలియక పరితపింపగా, చెలికత్తె చిత్రలేఖ దేవ గంధర్వ మానవులలోని యువకుల రూపములను వరుసగా పటమున లిఖించి చూపెను. ప్రద్యుమ్నుని రూపమును చూచినంతనే ఉష సిగ్గుపడెను. అనిరుద్ధుని చూచి తల వంచుకొనెను. ఎవరును పేరు చెప్పలేదు. ముఖమే పేరు చెప్పినది. రెండవ కథ భాసుని ప్రతిమానాటకము లోనిది. మేనమామ యింటినుండి మరలివచ్చుచున్న భరతుడు అయోధ్య వెలుపల ప్రతిమాగృహమున ప్రవేశించి, అచటి విగ్రహములను దేవతలని తలచి నమస్కరింపబోవును. అర్చకుడు వారించి, వారు దివంగతులైన ఇక్ష్వాకు రాజులని తెలిపి, వరుసగా పేర్లు చెప్పును. ఆ పేర్లవలననే భరతునకు తండ్రి మరణవార్త తెలియవచ్చును. కన్నకొడుకు సైతము ముఖమును చూచి తండ్రిని గుర్తింపలేదు; పేరు విని గుర్తించెను.

ఈ రెండు కథలును రెండు విధములైన రూపచిత్రములకు గుర్తులు. ఒకటి ముఖమువలన తెలియునది. మఱియొకటి చిహ్నమువలన, పేరువలన, హోదావలన తెలియునది. దక్షిణదేశపు రూపకళాచరిత్ర యంతయు ఈ రెంటి నడుమ ఊగిసలాడినదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

శాస్త్రకారులును ఈ భేదమును గుర్తెఱిగినవారే. కామసూత్రములకు జయమంగళ వ్యాఖ్యను రచించిన యశోధరుడు చిత్రమునకు ఆఱంగములను చెప్పుచు రూపభేదములు, ప్రమాణములు, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని లెక్కించెను. సాదృశ్య మందులో నొకటి మాత్రమే గాని సర్వస్వము కాదు. పండ్రెండవ శతాబ్దమునందలి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసము, అద్దములోని ప్రతిబింబమువలె నుండు చిత్రమును విద్ధమనియు, భావనవలన పుట్టి ఆకృతిని సూచించునట్టి దానిని అవిద్ధమనియు వేఱుపఱచినది. శుక్రనీతిసారము మఱియొక అడుగు ముందునకు వేసి, దేవతామూర్తి లక్షణహీనమైనను శ్రేయస్కరమనియు, మానవమూర్తి ఎంత చక్కగా నున్నను శ్రేయస్కరము కాదనియు తీర్పు చెప్పినది. మనుష్యుని ముఖముపట్ల శాస్త్రమునకు గల ఈ అనుమానమును మఱచినచో మన పూర్వుల ప్రతికృతులు మనకు బోధపడవు.

తిరుత్తణికి చేరువనే యున్న తిరుమల దేవాలయమున, మహాద్వారము దాటినంతనే, శ్రీకృష్ణదేవరాయలును, తిరుమలదేవి చిన్నాదేవులును అంజలి ఘటించి నిలుచున్న లోహవిగ్రహములు దర్శనమిచ్చును. తెలుగువారికి ఇంతకంటె పరిచితమైన ప్రతికృతి మఱియొకటి లేదు. రాయలను మనము గుర్తించునది దేనివలన? తలపై నిక్కి నిలిచిన కుళ్లాయివలన. భుజముపై చెక్కిన పేరువలన. ముఖము నున్నగా, ప్రసన్నముగా, వయసు తెలియరాకుండ, దేవతాముఖమునకు సన్నిహితముగా నున్నది. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ రాయలను కన్నులార చూచి వ్రాసిన వర్ణన నేటికిని నిలిచియున్నది. రాయలు నడితరపు పొడవు గలవాడనియు, సన్నని దేహము కాక కొంచెము పుష్టియైన దేహము గలవాడనియు, ముఖమున మశూచిమచ్చలు గలవనియు అతడు వ్రాసెను. తిరుమల విగ్రహమున ఆ మచ్చలు లేవు. శిల్పికి చేతగాక కాదు. భగవంతుని యెదుట శాశ్వతముగా నిలువవలసిన భక్తునకు మచ్చలతో పని లేదని అతడు తలచియుండును. విదేశీయుడు రాజును చూచెను. శిల్పి రాజత్వమును, భక్తిని చూచెను. రెండును సత్యములే. కాని పాయెస్ వ్రాయని యెడల మనకు రాయల ముఖము తెలిసియుండెడిది కాదు.

లేపాక్షి వీరభద్రాలయపు కుడ్యచిత్రములలో విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు పరివారముతో కూడ చిత్రింపబడిరి. అచ్యుతదేవరాయల కాలమునాటి ఆ చిత్రములలోను ఎత్తైన కుళ్లాయిలే వారి హోదాను చాటుచున్నవి. రేఖ సజీవము, వస్త్రముల అలంకారము అద్భుతము. ముఖములు మాత్రము ఒకే అచ్చున పోసినట్లుండును. విజయనగర చిత్రకారునకు జాతి, పదవి, భక్తి ముఖ్యములు. వ్యక్తి ఆ మూటి వెనుక నిలుచుండెను.

1565 నాటి తళ్లికోట యుద్ధమునకు తరువాత రాజాశ్రయము కోల్పోయిన కళాకారులలో పలువురు దక్షిణమునకు తరలిరి. తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలో రాజులును, మదురలో నాయుడులును చిత్రకళను కులవృత్తిగా నిలిపిరని కళాచరిత్రకారులు గుర్తించియున్నారు. ఈ పరంపరకు చెందిన మదుర అళగిరినాయుడు స్వాతి తిరునాళ్ మహారాజు కాలమున తిరువాన్కూరునకు పోయి, పాశ్చాత్య పద్ధతి చిత్రణమున ప్రసిద్ధుడయ్యెను. అతని శిష్యుడు రామస్వామినాయుడు ఆస్థానచిత్రకారు డయ్యెను. బాలుడైన రవివర్మకు తైలవర్ణ రహస్యములను చెప్పుటకు రామస్వామినాయు డంగీకరింపలేదనియు, ఆ నాయుని శిష్యుడు ఆఱుముగంపిళ్లై రాత్రివేళల రహస్యముగా నేర్పెననియు రవివర్మ జీవితచరిత్రకారులు తెలుపుచున్నారు. విద్యను దాచుకొనుట నాటి వృత్తిధర్మము. దాచిన విద్య దాచినవానితోనే పోయినది. పంచిన విద్య రవివర్మ చేత దేశమంతట వ్యాపించినది. శిబిరము అను నేటి ఏర్పాటునకు ఇంతకంటె మంచి సమర్థనము లేదు. పదిమంది యెదుట, పట్టపగలు, ఒక గురువు తన చేతిపనిని దాపరికము లేక చూపుట ఆనాడు ఊహింపరాని విషయము.

రవివర్మ 1894లో బొంబాయియందు స్థాపించిన శిలాముద్రణాలయమువలన మన యిండ్ల గోడలపైకి దేవతలు దిగివచ్చిరి. తిరుత్తణి కొండకు 365 మెట్లెక్కి వచ్చిన యాత్రికుడు తిరిగి పోవుచు కొనుకొను వల్లీ దేవసేనా సమేత సుబ్రహ్మణ్యుని పటము ఆ ముద్రణసంప్రదాయమునకు దూరపు సంతానమే. శుక్రనీతి మనుష్యునకు దేవతాముఖము నీయుమన్నట్లుండగా, రవివర్మ దేవతకు మనుష్యముఖము నిచ్చెను. ఇది మహోపకారము. అయినను అందొక లోపము కలదు. ఆ ముఖములు చాలవఱకు తెల్లని మేనిచాయ గల సంపన్నకుటుంబముల ముఖములు. మన మెట్లపై కావడి మోయు చామనచాయ మనుష్యుడు పటములోనికి ఎక్కలేదు.

ఎవరి ముఖము పటమున కెక్కును అను ప్రశ్న తెలుగువారికి మఱియొక చిత్రమున మిక్కిలి తీవ్రముగా ఎదురగును. 1816లో చెన్నపట్టణమున థామస్ హిక్కీ అను ఐరిష్ చిత్రకారుడు కల్నల్ కాలిన్ మెకంజీ రూపచిత్రమును తైలవర్ణములతో వ్రాసెను. అది నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందు కలదు. మెకంజీ ఎఱ్ఱని సైనికవస్త్రములతో నడుమ నిలిచియుండెను. అతని చుట్టును ముగ్గురు భారతీయు లుండిరి. వారు జైనపండితుడు ధర్మయ్య, తెలుగువాడైన కావలి లక్ష్మయ్య, దూరదర్శినిని పట్టుకొన్న బంట్రోతు కిష్నాజీ అని పరిశోధకులు గుర్తించిరి. మన గ్రామముల కైఫీయతులను సేకరించుటలో కావలి సోదరుల పరిశ్రమ యెంతటిదో తెలుగు పరిశోధకులకు చెప్పనక్కఱలేదు. చిత్రమున వారు పరివారము, నాయకు డొక్కడే. అయినను న్యాయము చెప్పవలెనన్నచో, హిక్కీ ఆ పరివారమునకు అచ్చుముఖములు వేయలేదు. ముగ్గురిని మూడు వేఱు ముఖములుగా చూచి వ్రాసెను. అందుచేతనే తరువాతి కాలమున పరిశోధకుడు వారి పేర్లు వెదకుటకు పూనుకొనెను. పేరు పోయినను ముఖము నిలిచినచో పేరు తిరిగి దొరకు అవకాశ ముండును. ముఖమే లేనిచో పేరునకు ఆశ్రయము లేదు.

చెన్నపట్టణపు చిత్రకళాశాల 1850లో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యునిచే స్థాపింపబడినది. 1929లో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి దానికి మొట్టమొదటి భారతీయ అధ్యక్షు డయ్యెను. అతడు ప్రధానముగా శిల్పి. ముఖమును ఎముకనుండి చర్మము వఱకు చదువవలె ననువాడు. 1957లో అతని స్థానమునకు వచ్చిన కె.సి.ఎస్. పణిక్కరు రేఖకును, సంకేతమునకును ప్రాధాన్యమిచ్చి, 1966లో చోళమండల కళాగ్రామమును స్థాపించెను. విజయనగరమునకు చెందిన అంత్యాకుల పైడిరాజు, తూర్పుగోదావరి మండలమునుండి వచ్చిన ఎం. రెడ్డెప్పనాయుడు, తిరుత్తణికి చేరువనే యున్న నాగలాపురమున బాల్యమును గడపిన కె. శ్రీనివాసులు ఈ కళాశాల విద్యార్థులే. శ్రీనివాసులు బొమ్మలకొలువు బొమ్మల నుండియు, లేపాక్షి రేఖనుండియు తన శైలిని తీర్చుకొనెను. అతని స్త్రీపురుషులు నిస్సంశయముగా మనవారు. కాని ఫలానా మనిషి అని చెప్పుటకు వీలులేనివారు. 1942లో జన్మించిన తోట వైకుంఠము తెలంగాణపు గ్రామస్త్రీలకు కుంకుమతో, రవికెతో, నల్లని మేనితో పటములలో సింహాసనము వేసెను. ఆ ముఖములును జాతికి ప్రతీకలే. ఈ చిత్రకారుల గొప్పతనమును తగ్గించుట ఇచట ఉద్దేశము కాదు. జాతిముఖము వేఱు, వ్యక్తిముఖము వేఱు అని చెప్పుట మాత్రమే ఉద్దేశము. మొదటిది మనకు సమృద్ధిగా లభించినది, రెండవది మిగిలియున్నది.

ఇక తిరుత్తణికి వత్తము. ఈ యూరికి జగత్ప్రసిద్ధమైన ముఖ మొకటి కలదు. 1888 సెప్టెంబరు 5వ తేదీన ఇచట జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిది ఆ ముఖము. నెల్లూరు సీమయందలి సర్వేపల్లి ఆ వంశమునకు ఇంటిపేరు. 1962 మొదలుకొని ఆయన జన్మదినము ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపబడుచున్నది. ఆ దినమున పాఠశాలలలో పిల్లలు వ్రాయు పటములు చూచినచో ఒక సత్యము గోచరించును. తెల్లని తలపాగ, గుండ్రని కండ్లద్దాలు, మెడవఱకు గుండీలు పెట్టిన పొడవైన కోటు ఉన్నచో అది రాధాకృష్ణన్ గారి పటమే. లోపల ముఖ మెట్లున్నను ఎవరును అడుగరు. కృష్ణరాయలకు కుళ్లాయి యెట్టిదో రాధాకృష్ణన్ గారికి తలపాగ యట్టిది. అయిదు శతాబ్దములు గడచినను మన మింకను భరతునివలె పేరు వినియే గుర్తించుచున్నాము.

ఇందు బాలుర దోషము లేదు. అయితే చిత్రవిద్య దృష్ట్యా ఇది పెద్ద నష్టము. కొత్తగా ముఖము వ్రాయువారు చేయు మొదటి తప్పు కన్నులను నుదుటిదాక పైకి జరుపుట. నడినెత్తి మొదలు గడ్డము వఱకు కొలిచినచో కన్నులు సరిగా నడుమ నుండును. మన తాళప్రమాణము పండ్రెండంగుళముల ముఖమును నుదురు, ముక్కు, గడ్డము అను మూడు సమభాగములుగా విభజించి, దానిపైన కేశస్థానమును వేఱుగా లెక్కించుటలోని మర్మ మిదియే. తలపాగ ఈ తప్పును కప్పివేయును. కపాల మెంత యున్నదో చూపవలసిన పని లేకుండ చేయును. కండ్లద్దాలు కనుగూటి లోతును మాయము చేయును. కోటు మెడను దాచును. ఈ విధముగా ప్రతి సంవత్సరము ఒక మహనీయుని పటమును వ్రాయుచు, ముఖమును గూర్చి ఏమియు నేర్వకయే మన పిల్లలు పెద్దవారగుచున్నారు.

శిబిరము చక్కదిద్దవలసినది సరిగా ఈ లోపమునే. కాని నేటి శిబిరములలో సృజన యను పేర సామాన్యముగా జరుగుచున్నది వేఱు. ఛాయాచిత్రమును గళ్లు గీచి పెద్దది చేసి, దానిపై నీలి ఆకుపచ్చ రంగులను పలకకత్తితో మందముగా పులుముదురు. లేక ముఖమును సగము చెఱపివేసి అక్షరములతో నింపుదురు. గురువు రెండు గంటలలో ఒక పటమును ముగింపగా, శిష్యులు చప్పట్లు కొట్టి, అదే తీరును అనుకరింతురు. సాయంకాలమునకు ఇరువది పటములు గోడకు చేరును. ఇరువదియు గురువు ముఖమునే పోలియుండును. ఇది సృజన కాదు. పాత కుళ్లాయి స్థానమున కొత్త కుళ్లాయి. చూచుటలో నూతనత్వము లేనపుడు పూతలో నూతనత్వ ముండి ప్రయోజనము లేదు.

నిజమైన సృజనాత్మక పద్ధతి చూపును నిర్బంధించుటతో ఆరంభమగును. కాగితమువైపు చూడక, ఎదుటివాని ముఖముపై దృష్టి నిలిపి, చూపు కదలినంత మేర బొగ్గును కదల్చు అభ్యాసము అందొకటి. అట్టి గీత వంకరగా వచ్చును. అయినను అది కన్ను నిజముగా చూచిన గీత. కొంతసేపు చూచి, మనిషిని పంపివేసి, జ్ఞాపకమునుండి వ్రాయుట రెండవది. జ్ఞాపకమున నిలిచినదే ఆ ముఖమునకు ప్రాణము, నిలువనిది అలంకారము. చిత్రలేఖ చేసినది ఈ పనియే. ఒకే మనిషిని ఉదయమున, మధ్యాహ్నమున, పనిలో, విశ్రాంతిలో పలుమాఱులు వ్రాయుట మూడవది. కె.ఎం. ఆదిమూలము 1969లో గాంధీ శతజయంతి సందర్భమున గాంధీజీని సుమారు నూఱు రేఖాచిత్రములలో చూపెను. కండ్లద్దాలు, కొల్లాయి అను చిహ్నములకు ఒదిగిపోయిన ముఖమును తిరిగి మనుష్యముఖముగా చేయుటకు నూఱు చూపులు కావలసివచ్చినవి. బాపు వంటి రేఖాచిత్రకారుడు రెండు మూడు గీతలలో తెలిసిన మనిషిని పట్టుకొనుటకును వెనుక ఇట్టి సాధనయే కలదు. నాలుగవది వర్ణమునకు సంబంధించినది. దుకాణములో మాంసవర్ణమను పేర అమ్ము గులాబీరంగును ప్రక్కన పెట్టి, పసుపుమన్ను, కావి, నీలము అను మూటితోడనే చామనచాయను సాధింపుమని విద్యార్థికి చెప్పవలెను. నుదుటిపై ఆకాశపు నీలము, దవడ క్రింద నేలయెఱుపు అతనికి అప్పుడు కనబడును.

ఇట్టి సాధనకు తలపాగ లేని ముఖము కావలెను. అట్టి ముఖములు తిరుత్తణి సీమయందు కొఱవడలేదు. పళ్లిపట్టు, పొదటూరుపేట మగ్గములపై కూర్చున్న నేతవారు, కొండమెట్ల ప్రక్క పూలమ్ము స్త్రీలు, పొలమునుండి మరలివచ్చు రైతులు కలరు. 1959 నాటి సరిహద్దు మార్పుల చట్టము ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు మండలమునుండి విడిపోయి మదరాసు రాష్ట్రమున చేరినది. 1997లో ఏర్పడిన తిరువళ్లూరు జిల్లాలో నేడు అంతర్భాగమై యున్నది. ఆ మార్పును అనుభవించిన తరమువారు నేడు వృద్ధులు. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడుచు, రెండు భాషలను ఒకే ముఖమున ధరించి జీవించినవారు. వారి మాట కొంతవఱకు గ్రంథముల కెక్కినది. వారి ముఖమును ఏ పటమును పట్టుకొనలేదు. ఛాయాచిత్రములు లేవా యనవచ్చును. కలవు, కాని క్షణకాలపు ఛాయ వేఱు, ఒక మనుమడు మూడు పూటలు ఎదుట కూర్చుండి అవ్వ ముఖమున ముడుతలను ఒక్కొక్కటిగా చదువుట వేఱు. ఆ మూడు పూటలలో అవ్వ మాటలాడకుండునా? ఆ మాటలు ఏ భాషలో నుండును? చిత్రవిద్య భాషకు కూడ ఉపకరించు మార్గ మిది.

కావున శిబిరమునకు పోయివచ్చిన యువకుడు ఎంత విచిత్రముగా వ్రాసె నని కాక, ఎవరిని చూచి వ్రాసె నని విచారించుట విమర్శకుల ధర్మము. సాదృశ్యము దాస్యము కాదు. అది ఎదుటి మనిషి పట్ల గౌరవము. సృజన స్వేచ్ఛావిహారము కాదు. అది ఆ గౌరవమును తన చేతివ్రాతతో తెలుపుట. ఈ రెండును కలిసిన పటము ఉషాపరీక్షకు నిలుచును; పేరు చెప్పకయే చూచినవారు తలపంకించి, ఫలానావారి అవ్వ కదా యందురు. తిరుమలలో రాయల విగ్రహము భక్తుని వినయమును నిలిపినది. హిక్కీ చిత్రము లక్ష్మయ్య ముఖమును నిలిపినది. ఈ సీమ వృద్ధుల ముఖములను నిలుపవలసిన పని ఈ సీమ యువకులది. రాబోవు సెప్టెంబరు 5వ తేదీన ఒక్క పాఠశాలయందైనను రాధాకృష్ణన్ గారి పటము ప్రక్కన, తనకు అక్షరములు దిద్దించిన ముసలి ఉపాధ్యాయుని ఎదుట కూర్చుండబెట్టుకొని ఒక విద్యార్థి వ్రాసిన పటము వ్రేలాడినచో, ఆ మహోపాధ్యాయుని జన్మస్థలమునకు అంతకంటె తగిన అలంకారము వేఱొకటి యుండదు.